తాగుతావా అని అడిగారు, ఏం పని చేస్తావని అడగలేదు

(రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు, మైకు గోల తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

వినపడుతోందా అండీ వెనక? ఆ ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్ళకి? సరే. పోస్టర్ మీద "మీ లివర్‌ని ఇలా కాపాడుకోండి" అని వేశారు, నన్ను అడక్కుండానే వేశారు, అది చూసి నేల ఉసిరి కషాయమో కామెర్ల పసరో చెప్తానని వచ్చినవాళ్ళెవరైనా ఉంటే ముందే చెప్పేస్తున్నా, నా దగ్గర అలాంటివేం లేవు. నేను టాక్సికాలజీ వాణ్ణి, అంటే విషాల గురించి చదువుకున్నవాణ్ణి. ఇవాళ నేను చెప్పేది ఒక ఊరి కథ, ఆ ఊళ్ళో పని చేసే ఒక డాక్టర్ రీసెర్చ్ కథ. ఇక్కడ పరవాడ, అచ్యుతాపురం వైపు ప్లాంట్లలో పనిచేసేవాళ్ళు చాలామంది వచ్చారని చెప్పారు, అందుకే ఇది ఎంచుకున్నా.

ఆ ఊరు లూయీవిల్. అమెరికాలో కెంటకీ రాష్ట్రం. ఆ ఊరికి పడమటి పక్కన రబ్బర్‌టౌన్ అని ఒక ఏరియా ఉంది, రెండో ప్రపంచ యుద్ధం టైంలో సింథటిక్ రబ్బర్ కోసం అక్కడ వరసగా ఫ్యాక్టరీలు పెట్టారు, అలా ఆ పేరొచ్చింది. అందులో బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీ ప్లాంట్ ఒకటి, అక్కడ పీవీసీ తయారు చేసేవాళ్ళు. పీవీసీ అంటే మీకు తెలుసు, పైపులు. దేంతో చేస్తారు దాన్ని? వినైల్ క్లోరైడ్ అనే గ్యాస్‌తో. గ్యాస్‌ని పెద్ద రియాక్టర్లో ప్రెషర్ పెట్టి కలుపుతారు, ఆ చిన్న చిన్న అణువులన్నీ గొలుసులాగా అతుక్కుని పొడి అవుతుంది. అంతా అవదు కదా. పాలు కాచిన గిన్నెకి అడుగంటినట్టు రియాక్టర్ గోడలకి గట్టిగా పేరుకుపోతుంది. అది ఎవరు తీయాలి?

మనిషే తీయాలి. బ్యాచ్ అయిపోయాక పైన మూత తీసి మనిషి లోపలికి దిగేవాడు, చేతిలో గోకుడు పరికరం, లోపల మిగిలిపోయిన గ్యాస్ ఇంకా ఉంటుంది, ఆ పెచ్చుల్లోంచి కూడా వస్తూనే ఉంటుంది, గోకి గోకి బయటికి తీసేవాడు. కాస్త తియ్యటి వాసన అంటారు ఆ గ్యాస్‌ది. తల తేలిపోతుంది, మత్తుగా ఉంటుంది. బయటికొచ్చి కాసేపు గాలి పీల్చుకుంటే సర్దుకుంటుంది, మళ్ళీ దిగేవాడు. కొంతమందికి వేళ్ళ చివర్లు పొట్టిగా, లావుగా అయిపోయేవి, ఎక్స్‌రే తీస్తే వేలి చివరి ఎముక కరిగిపోయి ఉండేది. ఇది 1960లలోనే డాక్టర్లు రాశారు. ఎక్కువగా వేళ్ళ దాకే చూశారు, లివర్ దాకా పెద్దగా వెళ్ళలేదు.

ఆ ప్లాంట్‌కి జాన్ క్రీచ్ అని ఒక డాక్టర్ ఉండేవాడు. సర్జన్ ఆయన. 1971 నుంచి 1973 చివరి లోపల ఆ ప్లాంట్ వాళ్ళు ముగ్గురు ఒకే జబ్బుతో పోయారు. లివర్ యాంజియోసార్కోమా, అంటే లివర్లో రక్తనాళాల లోపలి పొరలో వచ్చే కేన్సర్. ఎంత అరుదు అంటే అమెరికా మొత్తం మీద ఏడాదికి ఓ పాతిక ముప్పై కేసులు. అది ఒక్క ప్లాంట్లో ముగ్గురికి ఎలా వస్తుంది? మామూలుగా ఒక డాక్టర్ తన సర్వీసంతా చేసినా ఒక్కటి కూడా చూడడు. ఆయనకి అనుమానం వచ్చింది, కంపెనీ హెల్త్ డిపార్ట్‌మెంట్ చూసే మారిస్ జాన్సన్‌తో కలిసి లెక్క కట్టారు, 1974 జనవరిలో కంపెనీ బయటపెట్టింది.

ఇక్కడ చిన్న విషయం. ఇటలీలో బొలోన్యాలో చెజారె మాల్టోని అనే సైంటిస్టు అంతకు ముందే ఎలుకలకి ఈ గ్యాస్ పట్టించి ఇదే కేన్సర్ చూశాడు. కంపెనీల వాళ్ళకి ఆ విషయం తెలుసు కూడా. అంటే ఎలుక చెప్పింది, ఎవరూ వినలేదు, మనుషులు పోయాక విన్నారు. నాకైతే ఇందులో కొత్తేం కనపడదు, మా సబ్జెక్టులో సగం చరిత్ర ఇదే.

తర్వాత రూల్స్ మార్చారు. అంతకు ముందు గాల్లో 500 పీపీఎం దాకా ఉండొచ్చు అని రూలు. పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం అండీ. 1974 ఏప్రిల్లో అర్జెంటుగా 50 చేశారు, 1975 ఏప్రిల్ నుంచి 1 పీపీఎం. ఐదు వందల నుంచి ఒకటికి! ఇండస్ట్రీ వాళ్ళు గోల పెట్టారు, అసాధ్యం, మూసుకోవాల్సిందే, లక్షల ఉద్యోగాలు పోతాయి అని. ఏం మూసుకోలేదు, ఏడాది రెండేళ్ళలో ప్రాసెస్ మార్చుకుని హాయిగా నడుపుకున్నారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ఎవరైనా "ఇది మా వల్ల కాదు సార్" అన్నప్పుడల్లా పనికొస్తుంది.

సరే, చాలామంది కథ ఇక్కడితో అయిపోయింది అనుకున్నారు. కేన్సర్ పట్టుకున్నాం, గ్యాస్ తగ్గించాం, అయిపోయింది. కానీ నేను చెప్పాలనుకున్న కథ ఇక్కడే మొదలవుతుంది.

లూయీవిల్ యూనివర్సిటీ వాళ్ళు అప్పట్లో ఒక మంచి పని చేశారు. ఆ కార్మికుల లివర్ బయాప్సీ స్లైడ్లు, అంటే గాజు పలక మీద పెట్టిన లివర్ ముక్కలు, రక్తం శాంపిళ్ళు దాచిపెట్టారు. పారేయలేదు. దాదాపు 35 ఏళ్ళ తర్వాత అదే యూనివర్సిటీలో మాథ్యూ కేవ్ అనే లివర్ డాక్టర్, క్రెయిగ్ మెక్‌క్లెయిన్ అనే సీనియర్ ఆయన టీములో, ఆ స్లైడ్లు మళ్ళీ తీసి చూశారు. కేన్సర్ కోసం కాదు. కేన్సర్ రానివాళ్ళ లివర్ ఎలా ఉంది అని. ఈ ప్రశ్న చాలామందికి తట్టలేదు చూడండి.

ఎవర్ని తీసుకున్నారు? బాగా ఎక్స్‌పోజ్ అయిన 25 మంది. లావుగా ఉన్నవాళ్ళు కాదు, ఊబకాయం లేనివాళ్ళు. వాళ్ళలో నూటికి 80 మందికి స్టీటోహెపటైటిస్ ఉంది. అంటే లివర్లో కొవ్వు పేరుకుని, దాంతోపాటు వాపు. అచ్చం బాగా తాగేవాడి లివర్లాగా, లేదా షుగరు, పొట్ట ఉన్నవాడి లివర్లాగా. అలా కొవ్వూ వాపూ ఉన్నవాళ్ళలో నూటికి 55 మందికి ఫైబ్రోసిస్ కూడా, అంటే మచ్చలు పడి గట్టిపడటం మొదలైంది. ఈ పేపర్ 2010లో వచ్చింది, దానికి వాళ్ళు ఒక పేరు పెట్టారు, టాష్. టాక్సికెంట్ అసోసియేటెడ్ స్టీటోహెపటైటిస్. కెమికల్ వల్ల వచ్చిన ఫ్యాటీ లివర్ అనుకోండి.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఈ ప్లాంట్లలో పనిచేసేవాళ్ళు కాస్త జాగ్రత్తగా వినండి. ఆ కార్మికుల్లో చాలామందికి లివర్ ఎంజైములు నార్మల్. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అని మీకు కంపెనీ చెకప్‌లో చేస్తారు కదా, అవే. రిపోర్టు చూస్తే అంతా బాగానే ఉంది. లోపల సూది పెట్టి ముక్క తీసి మైక్రోస్కోప్ కింద పెడితే లివర్ పాడైపోయి ఉంది. రిపోర్టులో స్టార్ మార్కు లేదు కాబట్టి ఏం లేదు అనుకుంటాం మనం. ఏటా చెకప్ అవుతుంది, కాగితం చేతికొస్తుంది, "నార్మల్ రా" అని ఇంటికెళ్ళిపోతాం. మరి వాళ్ళకి కనపడిందేంటంటే సైటోకెరటిన్ 18 అని ఒక ప్రొటీన్, లివర్ కణం చచ్చిపోయినప్పుడు రక్తంలోకి వస్తుంది, అది ఎక్కువుంది. షుగరు రాకముందు వచ్చే ఇన్సులిన్ రెసిస్టెన్స్ కూడా ఉంది వాళ్ళకి. లావు లేరు, ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉంది! ఎందుకొచ్చింది? మన డాక్టర్ దగ్గరికి వెళ్తే ఏమంటాడు, అన్నం తగ్గించు, వాకింగ్ చెయ్యి అంటాడు.

ఇంతకీ లివర్‌నే ఎందుకు పట్టుకుంటుంది ఈ గ్యాస్? పీల్చింది ఊపిరితిత్తులతో కదా? చాలామంది వినైల్ క్లోరైడే విషం అనుకుంటారు. నిజానికి అది అలా పెద్దగా ఏం చేయదు. లివర్లో సైటోక్రోమ్ అనే ఎంజైములు ఉంటాయి, బయట్నుంచి వచ్చిన ప్రతి కెమికల్‌నీ మార్చి నీళ్ళలో కరిగేలా చేసి బయటికి పంపించేయాలని చూస్తాయి. సిప్ 2ఈ1 అనే ఎంజైము వినైల్ క్లోరైడ్‌ని పట్టుకుని దానికి ఒక ఆక్సిజన్ తగిలిస్తుంది. ఇప్పుడు అది ఎపాక్సైడ్ అవుతుంది. ఇది మాత్రం విషం. ఊరికే ఉండదు, దగ్గర్లో ఏది దొరికితే దానికి అతుక్కుంటుంది, ప్రొటీన్‌కి, డీఎన్‌ఏకి. దీన్ని ఆపడానికి గ్లూటాథయోన్ అని ఒక పదార్థం లివర్ దగ్గర స్టాకు ఉంటుంది, అది అతుక్కుని బయటికి పంపించేస్తుంది, స్టాకు ఉన్నంత వరకు. అయిపోతే? అంటే విషాన్ని తయారు చేసుకున్నది లివరే. దాని డ్యూటీ అది చేసింది, ఆ డ్యూటీలోనే దెబ్బతింది.

ఇంకోటి, ఇదే సిప్ 2ఈ1 మందు రోజూ తాగేవాడిలో ఎక్కువ తయారవుతుంది. లావుగా ఉన్నవాళ్ళలో కూడా. కాబట్టి తాగుడా, కెమికలా, తిండా అని విడివిడిగా అడగడమే తప్పు. అన్నీ ఒకే తలుపు దగ్గరికి వచ్చి తోసుకుంటాయి.

ఇక్కడ అమెరికా వదిలేసి మన హైదరాబాద్ వద్దాం. అదే 1974, లూయీవిల్‌లో ఈ గొడవ అయిన ఏడాదే, చివర్లో, రాజస్థాన్‌లో బన్స్‌వాడా, గుజరాత్‌లో పంచమహల్ వైపు గిరిజన ఊళ్ళలో జనానికి కామెర్లు, కడుపులో నీరు. పోతున్నారు. వైరస్ అనుకున్నారు ముందు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్ అంటాం, అక్కడ్నుంచి కృష్ణమాచారి గారు, ఆయన టీము వెళ్ళారు. వాళ్ళు పట్టుకున్నది చూడండి, ఆ ఇళ్ళలో కుక్కలకి కూడా కామెర్లు, కుక్కలకి కూడా పొట్ట ఉబ్బింది. మనిషి వైరస్ కుక్కకి అలా రాదు. మరి కుక్కకీ మనిషికీ కామన్ ఏంటి? తిండి. వాళ్ళు తిన్నదే కుక్కకి పెడతారు. మొక్కజొన్న. వానలు టైం కాని టైంలో పడి తడిసిన కంకులే ఇంట్లో పెట్టుకున్నారు, బూజు పట్టింది, వేరే గింజల్లేవు, అదే తిన్నారు. ఆ బూజు తయారు చేసే విషం అఫ్లటాక్సిన్. రోజుకి 2 నుంచి 6 మిల్లీగ్రాముల దాకా లోపలికి వెళ్ళి ఉంటుందని లెక్క కట్టారు, అలా ఒక నెల పాటు. 397 మందికి వచ్చింది, 106 మంది పోయారు. 1975లో లాన్సెట్‌లో వచ్చింది ఆ పేపర్.

అఫ్లటాక్సిన్ లోపలికి వెళ్ళాక లివర్ ఏం చేస్తుంది? అదే పని. ఆక్సిజన్ తగిలించి ఎపాక్సైడ్ చేస్తుంది. కెంటకీలో గ్యాస్, బన్స్‌వాడాలో బూజు, ఒకటి ఫ్యాక్టరీది ఒకటి ప్రకృతిది, లివర్‌కి ఆ తేడా తెలీదు. "నేచురల్ అయితే ఏం కాదు సార్" అనేవాళ్ళు ఉంటారు, వాళ్ళ కోసం చెప్తున్నా.

తర్వాత షాంఘైలో ఒక స్టడీ చేశారు. మామూలు మనిషితో పోలిస్తే అఫ్లటాక్సిన్ ఒక్కటే ఉన్నవాడికి లివర్ కేన్సర్ రిస్కు మూడు రెట్ల పైన, హెపటైటిస్ బి ఒక్కటే ఉన్నవాడికి ఏడు రెట్లు. రెండూ ఉన్నవాడికి ఎంత ఉండాలి? పది? ఇరవై? అరవై రెట్ల దగ్గరికి వెళ్ళింది. కూడికలు కావు అక్కడ జరిగేవి.

ఇదే ప్రశ్న లూయీవిల్ వాళ్ళు వినైల్ క్లోరైడ్ మీద మళ్ళీ అడిగారు. యులియానె బయర్ అనే ఆవిడ టీము. వాళ్ళేం చేశారంటే ఎలుకలకి 1 పీపీఎం కన్నా తక్కువ పట్టించారు, అంటే రూలు ఒప్పుకునే దాని కన్నా తక్కువ, పన్నెండు వారాలు. మామూలు తిండి తిన్న ఎలుకలకి పెద్దగా ఏం కాలేదు. కొవ్వు ఎక్కువున్న తిండి పెట్టిన ఎలుకలకి లివర్ దెబ్బ తింది, ఆ తిండి ఒక్కటే పెట్టినవాటి కన్నా ఎక్కువగా. 2018లో వచ్చింది ఇది. నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటా, మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు. ఆ 1 పీపీఎం రూలు 1975లో కేన్సర్‌ని చూసి రాశారు. ఇవాళ ప్లాంట్లో నిలబడే మనిషికి నలభై ఏళ్ళు, కొంచెం పొట్ట, బోర్డర్‌లో షుగరు, నైట్ షిఫ్ట్‌లో బజ్జీ, బిర్యానీ. ఆ మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసిన రూలు కాదది.

కేవ్ టీము ఇంకా వేరే కెమికల్స్ మీదికి కూడా వెళ్ళింది. అలబామాలో ఆనిస్టన్ అని ఊరు, అక్కడ మాన్‌శాంటో ప్లాంటు 1971 దాకా పీసీబీలు, అంటే పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే కెమికల్స్ చేసింది, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో వాడేవాళ్ళు. ఇది ప్లాంట్ లోపలివాళ్ళ కథ కాదు, చుట్టుపక్కల ఉన్న జనం కథ, వాళ్ళ రక్తం తీసి చూస్తే లివర్ దెబ్బతిన్న గుర్తులు సగం మందికి పైగా కనిపించాయి. అది పెద్ద సబ్జెక్టు, ఇవాళ వద్దు.

మన దగ్గరికి వద్దాం. డీఎంఎఫ్ తెలుసా ఎంతమందికి? చేతులెత్తండి... చూశారా, ఇంతమంది ఉన్నారు. డైమిథైల్ ఫార్మమైడ్. బల్క్ డ్రగ్ వాళ్ళకి, అంటే మందుల ముడిసరుకు చేసేవాళ్ళకి, రోజూ చేతిలో ఉండే సాల్వెంటు, వేరేవాటిని కరిగించే ద్రవం. అమెరికాలో కనెటికట్‌లో బట్టకి పూత వేసే ఫ్యాక్టరీలో 1980లలో వరసగా లివర్ కేసులొచ్చాయి, మొత్తం అందర్నీ టెస్ట్ చేస్తే సగం మందికి పైన ఎంజైములు పెరిగి ఉన్నాయి. డీఎంఎఫ్‌తో ఇబ్బందేంటంటే అది చర్మంలోంచి వెళ్ళిపోతుంది, మాస్కు పెట్టుకున్నా చెయ్యి తడిస్తే చాలు. గ్లవ్స్ ఉన్నాయి సార్ అంటారు, ఏ గ్లవ్స్? పల్చటి లాటెక్సు గ్లవ్స్‌ని డీఎంఎఫ్ పెద్దగా లెక్కచేయదు, బ్యూటైల్ రబ్బర్ కావాలి. ఇంకో గుర్తు చెప్తా, నవ్వకండి. డీఎంఎఫ్ లోపలికి వెళ్ళినవాడు ఆ సాయంత్రం ఒక పెగ్గేస్తే మొహం ఎర్రగా కందిపోతుంది, గుండె దడ, వాంతి. మీలో కొంతమందికి తెలిసే ఉంటుంది, బయటికి చెప్పరు. "ఈ మధ్య మందు పడట్లేదు రా" అనుకుంటారు. పడకపోవడం కాదు నాయనా, పొద్దున్న ప్లాంట్లో తడిసిన చెయ్యి అది.

వెంకటాపురం గురించి కూడా చెప్పమని చీటీ వచ్చింది. 2020 మే 7, వైజాగ్ ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి. పన్నెండు మంది పోయారని ప్రభుత్వం లెక్క. మీ ఊరి విషయం, నా కన్నా మీకే ఎక్కువ తెలుసు. నా సబ్జెక్టు వరకు ఒక్క మాట, స్టైరీన్‌ని కూడా లివర్ ఎపాక్సైడే చేస్తుంది. ఆ రాత్రి పీల్చినవాళ్ళని ఒక నెలో రెండు నెలలో చూసి వదిలేసే సంగతి కాదు. లూయీవిల్‌లో స్లైడ్లు దాచారు కాబట్టి 35 ఏళ్ళ తర్వాత ఒకాయన చూడగలిగాడు. మనం ఏం దాచాం?

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. సుమారు 1700లో ఇటలీలో రామజ్జీని అనే డాక్టర్, పేషెంట్‌ని అడిగే ప్రశ్నల్లో ఇంకోటి కలపండయ్యా అన్నాడు, నువ్వేం పని చేస్తావు అని. మూడొందల ఏళ్ళు దాటింది. మన దగ్గర లివర్ పేషెంటు వెళ్తే మొదటి ప్రశ్న తాగుతావా. తాగను అంటే నమ్మరు, పెళ్ళాం వైపు చూస్తారు. తాగుతా అంటే ఇక వేరే ప్రశ్నే లేదు, రాసేస్తారు. మరి మన ఫ్యాక్టరీల చట్టం షెడ్యూల్లో, విష పదార్థాల వల్ల వచ్చే కామెర్లు తప్పనిసరిగా రిపోర్ట్ చేయాల్సిన జబ్బు అని ఎప్పుడో రాశారు. ఆ రిపోర్టు వెళ్ళాలంటే ముందు ఎవరో ఒకరు పని గురించి అడగాలి కదా? సరే, ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్నలు

పీవీసీ పైపుల్లో నీళ్ళు తాగొచ్చా అని అమ్మ అడుగుతున్నారు. తాగొచ్చమ్మా, కంగారు పడకండి. పీవీసీ వేరు, వినైల్ క్లోరైడ్ వేరు. గొలుసు అయిపోయాక అది గ్యాస్ కాదు. మిగిలిపోయే గ్యాస్ కూడా 1974 తర్వాత బాగా తగ్గించేశారు. కాలిస్తే మాత్రం వేరే గొడవ, క్లోరిన్ ఉంది కదా, ఘాటు పొగ వస్తుంది, పాత పైపులు, వైర్ల పైతొడుగులు చెత్తలో వేసి కాల్చకండి.

మాస్టారు వేరుశనక్కాయల గురించి అడిగారు, వేయిస్తే అఫ్లటాక్సిన్ పోతుందా అని. పూర్తిగా పోదండీ, వేడికి బాగా తట్టుకుంటుంది అది. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయడమే మంచి పద్ధతి, మన అమ్మమ్మలు చేటలో పోసుకుని చేసిన పనే. గానుగ నూనె అంటే ఇప్పుడు ఫ్యాషన్ అయింది, రేటు కూడా డబుల్. గింజ మంచిదైతే మంచి నూనే. గింజ బూజుదైతే కొంత నూనెలోకి వస్తుంది, రిఫైన్ చేస్తే చాలావరకు పోతుంది, గానుగలో పోదు. ఎక్కువ భాగం నూనె తీశాక మిగిలే చెక్కలో ఉండిపోతుంది, ఆ చెక్క గేదె తింటే పాలల్లోకి వేరే రూపంలో వస్తుంది. కాబట్టి గానుగ వాణ్ణి అడగాల్సింది కర్ర గానుగా ఇనప గానుగా అని కాదు, గింజ చూపించు అని.

ఆ తమ్ముడు, నువ్వు చెప్పు... ఎంజైములు నార్మల్ వచ్చినా పాడైపోవచ్చంటే ఇక ఏ టెస్టు చేయించుకోవాలి అంటున్నాడు. మంచి ప్రశ్న. అందరికీ బయాప్సీ చేయరు, చేయకూడదు కూడా. అల్ట్రాసౌండ్‌లో కొవ్వు కొంత కనపడుతుంది, ఫైబ్రోస్కాన్ అని నొప్పి లేని స్కాన్ ఉంది, లివర్ ఎంత గట్టిపడిందో చెప్తుంది, పెద్ద ఊళ్ళలో దొరుకుతోంది. కానీ టెస్టు కన్నా ముందు ఒక పని చెయ్యి. నువ్వు పనిచేసే బ్లాకులో వాడే సాల్వెంట్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకో, డ్రమ్ము మీద లేబుల్ ఉంటుంది, సేఫ్టీ డేటా షీటు అడిగితే ఇవ్వాలి. ఎన్నేళ్ళు, ఏ బ్లాకు, రియాక్టర్ లోపలికి దిగావా లేదా, రాసుకో. పాత చెకప్ రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టు, నార్మల్ వచ్చినవి కూడా, ఎందుకంటే 20 నుంచి 38కి పెరిగితే రెండూ నార్మలే, కానీ నీకు పెరిగింది. నీ హెల్త్ రికార్డు అడిగి చూసే హక్కు కూడా భోపాల్ తర్వాత 1987లో చట్టం సవరించినప్పుడు రాశారు, హెచ్ఆర్ దగ్గర భయపడకుండా అడుగు, ఒక్కడివే వెళ్ళకు, నలుగురు కలిసి వెళ్ళండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన అడక్కపోయినా ఆ కాగితం టేబుల్ మీద పెట్టు.